కెవిన్: మంచి పుట్టుక అనే పేరుకి పట్టిన గతి

కెవిన్ అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది 'హోమ్ ఎలోన్' సినిమా. ఇంటిల్లిపాదీ క్రిస్మస్ సెలవులకి పారిస్ వెళ్ళిపోతే, ఆ హడావుడిలో ఒక్కడే ఇంట్లో ఉండిపోయి, ఇద్దరు దొంగల చేత మూడు చెరువుల నీళ్ళు తాగించిన ఎనిమిదేళ్ళ గడుగ్గాయి పేరు కెవిన్. అమెరికా ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో కెవిన్ కూడా తెలిసే ఉంటాడు. కాన్ఫరెన్స్ కాల్‌లో అవతలి పక్క కూర్చుని, అందరూ మాట్లాడేశాక చివర్లో "ఇంతకీ ఇది ఎప్పటికవుతుంది?" అని అడిగే పెద్దాయన :) మన లెక్కలో అది జాన్, డేవిడ్, మైక్ లాంటి ఒక మామూలు ఇంగ్లీషు పేరు.

నిజానికి అది ఇంగ్లీషు పేరు కాదు, ఐర్లండ్ వాళ్ళ పేరు. పద్నాలుగు వందల ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉన్న పేరు. అదలా ఉంచితే, ఇదే పేరు జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ దాదాపు ఒక తిట్టులా తయారైంది. ఆ పేరు చూసి టీచర్లు పిల్లాడి చదువెంతో అంచనా వేసేశారు. ఉద్యోగాలిచ్చేవాళ్ళు ఆ పేరు చూసి రెజ్యూమె పక్కన పెట్టారు. ఏకంగా ఆ పేరు మీద ఒక 'ఇజం' కూడా పుట్టింది. ఈ పేరు ఎక్కడ పుట్టి, ఏయే దేశాలు తిరిగి, ఎలా పరువు పోగొట్టుకుంది అన్నదే ఈ టపా. ఆ పరువు పోవడంలో ఆ పేరున్న పిల్లల ప్రమేయం ఎంత అంటే, సున్నా. పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు కదా.

రెండు సరస్సుల లోయ

డబ్లిన్ నగరానికి దక్షిణాన విక్లో కొండలున్నాయి. ఆ కొండల మధ్య గ్లెండలాక్ అనే లోయ ఉంది. ఆ మాటకి ఐరిష్ భాషలో 'రెండు సరస్సుల లోయ' అని అర్థం. ఆరో శతాబ్దంలో అక్కడ ఒక సన్యాసి ఉండేవాడు. ఊరికి దూరంగా, సరస్సు పైన కొండ అంచున తొలిచిన చిన్న గుహలో ప్రార్థన చేసుకుంటూ గడిపాడట. ఆ గుహని ఇప్పటికీ 'కెవిన్ పడక' అనే పిలుస్తారు. ఆయన పేరు విని శిష్యులు చేరారు, మఠం వెలిసింది, అది క్రమంగా ఐర్లండ్‌లో పేరున్న విద్యాకేంద్రాల్లో ఒకటయింది. 1398లో ఇంగ్లీషు సైన్యం చేతిలో నాశనమైనా, సుమారు 30 మీటర్ల ఎత్తున్న గుండ్రటి రాతి బురుజు ఒకటి అక్కడ ఇంకా నిలబడే ఉంది.

ఆయన 618లో చనిపోయాడని సంప్రదాయం చెప్తుంది. పుట్టింది 498లో అని కూడా అదే సంప్రదాయం చెప్తుంది. అంటే 120 ఏళ్ళు బతికాడన్నమాట. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఆయన గురించిన కథలన్నీ ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళకి రాసుకున్నవే.

వాటిలో ఒకటి చాలా బాగుంటుంది. ఇరుకు గదిలో చేతులు చాపి ప్రార్థన చేస్తుంటే, ఒక చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చిందట. ఒక నల్ల పిట్ట వచ్చి ఆ అరచేతిలో గూడు కట్టి గుడ్లు పెట్టింది. కెవిన్ ఆ గుడ్లు పొదిగి పిల్లలయ్యేదాకా చెయ్యి కదపకుండా అలాగే ఉండిపోయాడట. 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత ఈ కథని రాసిపెట్టాడు. ఒంటి చుట్టూ పుట్టలు పెరిగినా కదలని వాల్మీకి కథ విని పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. (ఇంకో కథలో తన వెంటపడిన అమ్మాయిని సరస్సులోకి తోసేశాడని కూడా ఉంది. కాబట్టి మరీ అంత సౌమ్యుడనుకోకండి.) రోమ్ నుంచి అధికారికంగా సెయింట్‌గా గుర్తింపు వచ్చింది మాత్రం 1903లో. జూన్ 3 ఆయన పండగ రోజు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంతకీ ఆ పేరుకి అర్థం ఏంటి? పాత ఐరిష్‌లో ఆయన పేరు 'కోయ్మ్‌గెన్'. 'కోయ్మ్' అంటే సౌమ్యమైన, ప్రియమైన, చక్కని. 'గెన్' అంటే పుట్టుక. ఈ 'గెన్', సంస్కృతంలో 'జన్మ', 'జాతి', 'జనని' లాంటి మాటలకి మూలమైన ధాతువు, రెండూ ఒకే తల్లివేరు నుంచి వచ్చినవే. ఐర్లండ్ ఎక్కడ, మనం ఎక్కడ అనిపిస్తుంది గానీ, ఇండో-యూరోపియన్ భాషల చుట్టరికం అలాంటిది. కాబట్టి కెవిన్‌ని అక్షరాలా అనువదిస్తే 'సుజాత' వస్తుంది! మగవాళ్ళకైతే సుజాతుడు అనుకోవాలి. మంచి పుట్టుక పుట్టినవాడు అని అర్థం.

ఇప్పటి ఐరిష్‌లో ఈ పేరు రాయడానికి సి, ఎ, ఓ, ఐ, ఎమ్, హెచ్, ఐ, ఎన్ అని ఎనిమిది అక్షరాలు వాడతారు. పలికేది మాత్రం ఇంచుమించు 'కీవీన్'. 'ఎమ్' పక్కన 'హెచ్' వస్తే 'వ' అని పలకాలి. పలికింది పలికినట్టు రాసుకునే మనకి ఇది చూస్తే తల తిరుగుతుంది గానీ, ఆ భాషకి దాని నియమాలు దానికున్నాయి. ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఇలాంటి పేర్లన్నిటికీ ఇంగ్లీషు వేషం వేశారు. కొన్నిటికి అసలు సంబంధమే లేని పేర్లు తగిలించారు. డియర్మిడ్‌ని జెరెమయా అనీ, టైగ్‌ని తిమొతీ అనీ రాసుకున్నారు. వాటితో పోలిస్తే కెవిన్ అదృష్టవంతుడే, స్పెల్లింగు మారింది గానీ ప్రాణం పోలేదు.

ఉరికంబం నుంచి అమెరికాకి

19వ శతాబ్దం చివర్లో ఐర్లండ్‌లో భాషోద్యమం మొదలైంది. 1893లో గేలిక్ లీగ్ పెట్టారు. మన భాష, మన ఆటలు, మన పేర్లు అనే ఊపు వచ్చింది. పాత ఐరిష్ పేర్లు పిల్లలకి పెట్టడం అనేది ఒక రకంగా రాజకీయ ప్రకటన అయ్యింది. కెవిన్ మళ్ళీ తెరమీదకొచ్చింది ఆ కాలంలోనే.

ఆ తరంలో ఇద్దరు కెవిన్లు చరిత్రలోకెక్కారు. మొదటివాడు కెవిన్ బ్యారీ, 1902లో పుట్టాడు. డబ్లిన్‌లో వైద్య విద్యార్థి, ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీలో సభ్యుడు. 1920 సెప్టెంబరులో బ్రిటిష్ సైనికుల మీద జరిగిన ఒక దాడిలో ముగ్గురు సైనికులు చనిపోయారు. బ్యారీ దొరికిపోయాడు. క్షమాభిక్ష పెట్టమని ఎంతమంది అడిగినా వినకుండా 1920 నవంబరు 1న మౌంట్‌జాయ్ జైల్లో ఉరి తీశారు. అప్పటికి అతని వయసు 18. ఆ కుర్రాడి మీద పుట్టిన పాట ఐర్లండ్ దాటి, ఐరిష్ వాళ్ళు వలస వెళ్ళిన ప్రతిచోటికీ వెళ్ళింది. అమెరికన్ నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కూడా ఆ పాట రికార్డు చేశాడు.

రెండోవాడు కెవిన్ ఓ'హిగ్గిన్స్, 1892లో పుట్టాడు. స్వతంత్రం వచ్చాక మంత్రి అయ్యాడు. అంతర్యుద్ధంలో, నిన్నటిదాకా తనతో కలిసి పోరాడిన రిపబ్లికన్ల మరణశిక్షలకి బాధ్యత వహించిన ప్రభుత్వం అతనిది. 1927 జులైలో చర్చికి నడిచి వెళ్తుంటే కాల్చి చంపేశారు. ఒకే పేరు, ఒకే ఉద్యమం, చివరికి రెండు పక్షాలు. అప్పట్లో కెవిన్ అంటే పేరులోనే దేశం వినిపించేదన్నమాట.

అమెరికాలో ఐరిష్ వాళ్ళు 1840ల కరువు కాలం నుంచీ లక్షల్లో ఉన్నారు. కానీ ఆ మొదటి తరాలు తెచ్చుకున్న పేర్లు ప్యాట్రిక్, మైకేల్, బ్రిజెట్ లాంటివి. కెవిన్ ఊపందుకున్నది 20వ శతాబ్దంలోనే. ముఖ్యంగా రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ఐరిష్ సంతతి వాళ్ళు పేటలు వదిలి శివారు కాలనీల్లో ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిన రోజుల్లో. మెల్లగా ఐరిష్ రక్తం చుక్క కూడా లేనివాళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1960లకి అమెరికాలో మగపిల్లలకి ఎక్కువగా పెట్టే మొదటి 20 పేర్లలో కెవిన్ ఒకటి.

ఇక్కడ చిన్న పిట్టకథ. ఇదంతా ఇప్పుడు మనం ఒక్క క్లిక్కుతో చూడగలుగుతున్నామంటే కారణం ఒక ప్రభుత్వ ఉద్యోగి. అమెరికా సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో మైకేల్ షాకిల్‌ఫోర్డ్ అనే లెక్కల మనిషి ఉండేవాడు. ఎక్కడికెళ్ళినా తనలాంటి మైకేల్ ఇంకొకడు తగలడంతో విసుగెత్తి, తనకి పుట్టబోయే బిడ్డకి మాత్రం అందరికీ ఉండే పేరు వద్దనుకున్నాడు. 1997లో ఆఫీసు డేటా మీద ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఏ ఏడు ఏ పేరు ఎంతమందికి పెట్టారో లెక్క తీశాడు. ఆ జాబితా వెబ్‌సైటులో పెడితే జనం ఎగబడ్డారు. సొంత అవసరానికి రాసుకున్న స్క్రిప్టు దేశం మొత్తానికి పనికొచ్చిన సందర్భాల్లో ఇదొకటి.

సరే, అమెరికా కెవిన్ల పుట్టిన సంవత్సరాలు ఒకసారి చూడండి. కెవిన్ క్లైన్ 1947, కెవిన్ కాస్ట్‌నర్ 1955, కెవిన్ బేకన్ 1958. మన రంగానికొస్తే, హ్యాకింగ్ చరిత్రలో పేరుమోసిన కెవిన్ మిట్నిక్ 1963, కెవిన్ పౌల్సెన్ 1965. ఈ ముగ్గురు నటులూ 1980లలో తెరమీద వెలిగారు. ఆ వెలుగు అట్లాంటిక్ దాటి యూరప్‌లో పడింది. అంటే 1950లలో అమెరికా తల్లిదండ్రులకి నచ్చిన పేరు, ఒక 30 ఏళ్ళ ఆలస్యంతో, సినిమా అనే వైరు మీదుగా యూరప్ చేరిందన్నమాట.

ముందు ఏది, వెనక ఏది

ఫ్రాన్సులో 1989 నుంచి 1990ల మధ్యదాకా మగపిల్లల పేర్లలో కెవిన్‌దే మొదటి స్థానం. 1991 ఒక్క ఏడాదే సుమారు 14 వేలమంది పిల్లలకి ఆ పేరు పెట్టారు. జర్మనీలో కూడా అదే 1991లో కెవిన్ మొదటి స్థానానికి చేరింది.

దీనికి అందరూ చెప్పే కారణం 'హోమ్ ఎలోన్'. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏదైనా బగ్ వస్తే మనం మొదట చూసేది లాగ్‌లో టైమే కదా. ఇక్కడా అదే చూద్దాం. ఆ సినిమా అమెరికాలో విడుదలైంది 1990 నవంబరులో, ఫ్రాన్సులో డిసెంబరులో. కాస్ట్‌నర్ 'డాన్సెస్ విత్ వుల్వ్స్' కూడా ఆ శీతాకాలపుదే. ఫ్రాన్సులో కెవిన్ మొదటి స్థానానికి వచ్చింది 1989లో. కారణం కంటే ఫలితం ముందు రాదు. పైగా ఫ్రాన్సులో ఆ సినిమా పేరులో కెవిన్ అనే మాటే లేదు. 'అమ్మా, నా విమానం తప్పిపోయింది' అనే అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారు. జర్మనీలో మాత్రం పేరులోనే కెవిన్ ఉంది, 'కెవిన్ - ఇంట్లో ఒంటరిగా' అన్నట్టు. అక్కడ 1991 జనవరిలో విడుదలైంది కాబట్టి మండుతున్న పొయ్యిలో ఇంకో కట్టె పడిందనుకోవచ్చు. పొయ్యి వెలిగించింది మాత్రం అది కాదు. 1977 నుంచి 1980 దాకా హాంబుర్గ్ జట్టుకి ఆడి, 1978, 1979లలో వరసగా రెండుసార్లు యూరప్ ఉత్తమ ఆటగాడైన ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ కెవిన్ కీగన్ ఎప్పుడో ఆ పేరుని జర్మన్ల నోళ్ళలో నానబెట్టాడు.

స్టాన్లీ లీబర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 2000లో 'ఎ మ్యాటర్ ఆఫ్ టేస్ట్' అనే పుస్తకంలో ఇదే విషయం వివరంగా రాశాడు. సినిమాలు పేర్లని పుట్టించడం తక్కువ, అప్పటికే పైకి లేస్తున్న అలల మీద ఎక్కడం ఎక్కువ అని ఆయన వాదన. స్క్రిప్టు రాసేవాడు కూడా ఆ గాలి పీల్చేవాడే, చెవికి ఇంపుగా ఉన్న పేరే వాడూ పెడతాడు.

ఫ్రాన్సులో ఇంకో తమాషా ఉంది. అక్కడ 1803 నుంచి పేర్ల మీద ఒక చట్టం ఉండేది. క్యాలెండర్‌లో ఉన్న సెయింట్ల పేర్లు, ప్రాచీన చరిత్రలో ప్రముఖుల పేర్లు మాత్రమే పెట్టాలి. రిజిస్ట్రారుకి నచ్చకపోతే రాయనని చెప్పొచ్చు. 1966లో కొంత సడలించి, 1993 జనవరిలో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు. అంటే కెవిన్ వరద వచ్చింది పాత చట్టం ఉన్నప్పుడే! కానీ కెవిన్‌కి అడ్డు చెప్పడం కష్టం. ఎందుకంటే జూన్ 3న పండగ ఉన్న అసలు సిసలు సెయింట్ ఆయన. హాలీవుడ్ మోజుతో పెట్టిన పేరుకి ఆరో శతాబ్దపు సన్యాసి పూచీకత్తు ఇచ్చాడన్నమాట :)

పేరు కాదట, జబ్బట

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. దేశమంతా మోజుపడి పెట్టుకున్న పేరు పదిహేనేళ్ళు తిరిగేసరికి నవ్వులపాలు ఎందుకయ్యింది?

పేర్ల మీద పరిశోధన చేసినవాళ్ళు చాలాకాలంగా ఒక క్రమం చెప్తున్నారు. ఫ్రాన్సులో ఫిలిప్ బెనార్, గీ దెప్లాంక్ అనే ఇద్దరు 1986 నుంచీ పేర్ల ఎత్తుపల్లాల మీద పుస్తకాలు వేశారు. మామూలుగా కొత్త పేరు ముందు డబ్బూ చదువూ ఉన్న ఇళ్ళలో పుడుతుంది. తర్వాత మధ్యతరగతికి, ఆ తర్వాత కూలీనాలీ చేసుకునే ఇళ్ళకి దిగుతుంది. కిందకి చేరేసరికి పైవాళ్ళు దాన్ని వదిలేసి ఇంకో పేరు వెతుక్కుంటారు. చీరల ఫ్యాషన్ ఎలా తిరుగుతుందో అలాగే.

కెవిన్ ఈ వరస తప్పింది. ఫ్రాన్సులో కార్మికులూ చిరుద్యోగులూ ఆ పేరుని పైవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోలేదు. టీవీలోంచి, సినిమాలోంచి నేరుగా తీసుకున్నారు. పెద్దింటివాళ్ళు దాన్ని దాదాపు ముట్టుకోలేదు. బతిస్త్ కుల్మాన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని మామూలు జనం తమ రుచి తామే నిర్ణయించుకోవడంగా చూస్తాడు. ఆలోచిస్తే అది అందమైన విషయమే. మా పిల్లాడి పేరు మీ ఇళ్ళ నుంచి రానక్కర్లేదు అని 14 వేల ఇళ్ళు చెప్పడం.

కానీ దానికి శిక్ష పడింది. పైవాళ్ళకి ఎప్పుడూ తమది కాని పేరు కాబట్టి, ఆ పేరు వినగానే ఆ ఇంటి ఆదాయం, చదువు, టీవీ ఛానల్ అన్నీ ఊహించేసుకోవడం తేలికైపోయింది. ఫ్రెంచి ఆన్‌లైన్ గేముల్లో అల్లరిచిల్లరగా ఆడుతూ, అక్షరదోషాలతో అరిచే కుర్రాళ్ళని పేరుతో పనిలేకుండా 'కెవిన్' అనడం మొదలుపెట్టారు.

జర్మనీలో ఇది ఇంకా ముదిరింది. 2009లో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని తన మాస్టర్స్ పరిశోధన కోసం ప్రాథమిక పాఠశాల టీచర్లని పేర్ల గురించి అడిగింది. షార్లొట్, సోఫీ, అలెగ్జాండర్, మాక్సిమిలియన్ లాంటి పేర్లున్న పిల్లలు బుద్ధిమంతులు, చదువుకునేవాళ్ళు అన్నారు. షాంతాల్, మ్యాండీ, జస్టిన్, కెవిన్ అంటే అల్లరి, చదువు తక్కువ అన్నారు. ఒక టీచరైతే కెవిన్ అనేది పేరు కాదు, అది ఒక రోగనిర్ధారణ అని రాసిచ్చాడో, రాసిచ్చిందో. ఆ మాట దేశంలోని పత్రికలన్నిటిలోనూ వచ్చింది. పిల్లలకి అమెరికా బాణీ పేర్లు పెట్టే జబ్బుకి జర్మన్లు 'కెవినిస్ముస్' అని, అమ్మాయిల విషయంలో 'షాంతాలిస్ముస్' అని పేర్లు పెట్టుకున్నారు. విచిత్రం ఏంటంటే ఆ షాంతాల్ అనే పేరు ఫ్రాన్సులో 1940, 50లలో పుట్టిన గౌరవనీయులైన బామ్మల పేరు. సరిహద్దు దాటగానే విలువ మారిపోయింది. పేరులో ఏమీ లేదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

2012లో యోకెన్ గెబావర్ అనే పరిశోధకుడూ అతని సహచరులూ ఒక డేటింగ్ సైటు డేటా తీసుకుని చూశారు. అలెగ్జాండర్ లాంటి పేర్లకి పడినన్ని క్లిక్కులు కెవిన్ లాంటి పేర్లకి పడలేదు. అంతవరకూ ఊహించిందే. కానీ అలాంటి పేర్లున్నవాళ్ళలో ఆత్మవిశ్వాసం తక్కువగా, పొగతాగడం ఎక్కువగా కనిపించింది. చిన్నప్పటి నుంచీ పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో ఒక చిన్న నవ్వు చూస్తూ పెరిగితే మనిషి లోపల ఏమవుతుందో ఊహించుకోండి.

2015లో జర్మనీలో 'ఈ ఏటి కుర్రకారు మాట' అనే పోటీ పెట్టారు. అందులో 'ఆల్ఫా కెవిన్' అనే మాట ముందు వరసలోకొచ్చింది. తెలివితక్కువవాళ్ళలో అగ్రగణ్యుడు అని అర్థం. నిజంగా ఆ పేరున్నవాళ్ళని అవమానించినట్టవుతుందని నిర్వాహకులు చివరికి దాన్ని జాబితాలోంచి తీసేశారు. కొంచెం ఆలస్యంగానైనా ఎవరికో ఒకరికి అనిపించిందన్నమాట, అవతల మనుషులున్నారని.

మంచి పుట్టుక అనే అర్థం ఉన్న పేరు చూసి ఫలానా చోట పుట్టాడు కాబట్టి పనికిరాడు అనే తీర్పు చెప్పడం అంటే ఇదే.

పేరు చేసే పని ఎంత?

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. కెవిన్లు నిజంగానే చదువులో వెనకపడుతున్నారా? ఫ్రాన్సులో కుల్మాన్ ప్రతి ఏడూ మన ఇంటర్ లాంటి బాకలోరియా ఫలితాలని పేర్లవారీగా గ్రాఫు గీసి పెట్టేవాడు. పై మార్కుల శాతంలో కెవిన్ కింద భాగంలో ఉండేది. కానీ దానర్థం పేరు మార్కులు తగ్గించిందని కాదు, ఆ పేరు పెట్టిన ఇళ్ళలో చదువుకి కావలసిన వసతులు తక్కువ అని. ఇద్దరు పిల్లలు ఒకే ఇంట్లో పుట్టి ఒకడికి కెవిన్ అని, ఇంకొకడికి మాక్సిమిలియన్ అని పెడితే బుర్రలు మారవు కదా.

అమెరికాలో 2004లో దాదాపు ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ ఇద్దరూ బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి కల్పిత రెజ్యూమెలు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. తెల్లవాళ్ళ పేర్లనిపించేవాటికి నల్లవాళ్ళ పేర్లనిపించేవాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. రోలాండ్ ఫ్రయర్, స్టీవెన్ లెవిట్ ఇంకో పద్ధతిలో కాలిఫోర్నియా జననాల డేటా చూశారు. పుట్టిన ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక, పేరు వల్ల విడిగా జీవితం మీద పెద్ద దెబ్బేమీ కనిపించలేదన్నారు.

రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టుంటాయి గానీ, నాకలా అనిపించదు. ఎదుటివాడికి మన గురించి వేరే ఏమీ తెలియనప్పుడు పేరు పనిచేస్తుంది. రెజ్యూమె చూసే ఆ అర నిమిషంలో, పేపరు దిద్దే టీచరుకి, ప్రొఫైలు చూసి వేలితో పక్కకి జరిపేవాళ్ళకి. మనిషి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాక పేరు వెనక్కి పోతుంది. సమస్యల్లా ఆ ఎదురుగా కూర్చునే అవకాశం రావడమే. ఫ్రాన్సులో 2015 ప్రాంతంలో పత్రికల్లో విరివిగా వచ్చిన ఒక అంచనా ప్రకారం ఆర్థర్ అనే అభ్యర్థి కంటే కెవిన్‌కి పిలుపొచ్చే అవకాశం 10 నుంచి 30 శాతం తక్కువ.

ఇది వాళ్ళ దేశం గొడవ, మనకెందుకు అని తప్పించుకోలేం. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ఇలాంటి ప్రయోగమే మన దేశంలో చేసి 2007లో ప్రచురించారు. పెద్ద నగరాల ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి సమాన అర్హతలతో దరఖాస్తులు పంపారు. అగ్రకులం అనిపించే పేరుతో పోలిస్తే దళితుడనిపించే పేరుకి తర్వాతి మెట్టు ఎక్కే అవకాశం 0.67 వంతు, ముస్లిం పేరుకి 0.33 వంతు ఉందని లెక్క తేలింది. అక్కడ కెవిన్ అనే పేరు తరగతిని చెప్తే, మన దగ్గర పేరు పక్కన ఉన్న తోక, ముందున్న ఇంటిపేరు ఇంకా చాలా చెప్తాయి. "మీదే ఊరండీ?", "ఇంటిపేరేంటండీ?", "మీరేవిట్లు?" అని మూడు ప్రశ్నల్లో అవతలివాడి జాతకం రాబట్టే విద్యలో మనవాళ్ళు జర్మన్ టీచర్లకి పాఠాలు చెప్పగలరు. ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించుకుని బతికేవాళ్ళు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. అందరూ పొట్టిగా ఉంటుందనే అలా చేస్తారనుకోవడం అమాయకత్వం.

కెవిన్లు పెద్దవాళ్ళయ్యారు

పేర్లతో వచ్చే చిక్కు ఏంటంటే, పెట్టిన అయిదేళ్ళకో పదేళ్ళకో ఫ్యాషన్ పోతుంది, మనిషి మాత్రం 80 ఏళ్ళు మోయాలి. అదే ఒక రకంగా మందు కూడా. 1990 చుట్టుపక్కల పుట్టిన కెవిన్లు ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు. బెల్జియంలో 1991లో పుట్టిన కెవిన్ డి బ్రయినా తన తరం ఫుట్‌బాలర్లలో మేటి అనిపించుకున్నాడు. ఫ్రాన్సులో 1992లో పుట్టిన కెవిన్ మాయెర్ 2018లో డెకాథ్లాన్‌లో 9126 పాయింట్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. 1989లో పుట్టిన కెవిన్ కూనర్ట్ 2021 నుంచి 2024 దాకా జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీకి ప్రధాన కార్యదర్శి. 2022 ఎన్నికల్లో ఫ్రెంచి పార్లమెంటుకి ఇద్దరు కెవిన్లు గెలిచి వచ్చారు. వాళ్ళ రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా, ఆ భవనంలోకి ఆ పేరు అడుగుపెట్టడం అక్కడి పత్రికలకి వార్త అయ్యింది. ఆ ఏడాదే కెవిన్ ఫాఫుర్నూ అనే గ్రాఫిక్ డిజైనరు 'కెవిన్లను కాపాడండి' అనే డాక్యుమెంటరీకి చందాలు పోగుచేసి, తర్వాత సినిమా పూర్తి చేశాడు. నవ్విస్తూనే అడగాల్సింది అడిగాడు.

ఐర్లండ్‌లో మాత్రం ఈ గోలేమీ లేదు. అక్కడ కెవిన్ అంటే మేనమామ పేరు, బడి పంతులు పేరు, చర్చి పేరు, వీధి పేరు. ఇప్పుడు పిల్లలకి ఎక్కువగా పెట్టే పేర్ల జాబితాలో పైన కనపడదు, అంతే. అదే వేరు నుంచి పుట్టిన 'కీవా' అనే ఆడపిల్లల పేరు మాత్రం ఐరిష్ స్పెల్లింగుతోనే హాయిగా తిరుగుతోంది. పేరు ముసలిదవడం వేరు, మురికి పట్టడం వేరు. మురికి ఎప్పుడూ బయటివాళ్ళ చేతులదే.

మనలో చాలామంది ఇప్పుడు ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చుంటున్నాం. కొన్నిచోట్ల రెజ్యూమెల మొదటి వడపోత సాఫ్ట్‌వేరే చేస్తోంది, ఆ సాఫ్ట్‌వేరు రాసేదీ మనమే. గతంలో మనుషులు ఎవర్ని తీసుకున్నారో ఆ డేటా పెట్టి నేర్పిస్తే, ఆ మనుషుల చూపునే అది నేర్చుకుంటుంది. మొదటి వడపోతలో పేరు కాలమ్ దాచేయడం పెద్ద పనేం కాదు, ఒక చెక్‌బాక్స్ అంత పని. మీ టీమ్‌లో ఆ మాట ఎత్తే స్థానంలో మీరుంటే ఎత్తండి. పేరు ఎలాగూ ఇంటర్వ్యూకి వచ్చాక వాళ్ళే చెప్తారు, అప్పుడు సరిగ్గా పలకడం నేర్చుకుంటే చాలు.